సంఖ్యతో పాటు ప్రశ్ననూ ప్రచురించాలి

భిలాయ్ గాలి నిరుటి కన్నా బాగుపడిందా, లేదా? సుపేలాలో ఈ ప్రశ్నకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో జవాబు ఉంటుంది. జీఈ రోడ్డు పక్కన దుకాణం నడిపేవారు ఒకటి చెబుతారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఇంకొకటి చెబుతారు. అధికారిక ప్రకటనలో ఒక శాతం, పత్రికలో మరో శాతం కనిపించవచ్చు. వీటిలో ఏది నిజమో తేల్చే కొలతలు రహస్యమేమీ కావు. 32 బంగ్లాస్, సివిక్ సెంటర్, హథ్‌ఖోజ్‌లలోని నిరంతర పరిశీలన కేంద్రాల రీడింగులను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తన పోర్టల్‌లో ఉంచుతోంది. ఎవరైనా వాటిని ఫైళ్లుగా దించుకోవచ్చు.

అయినా వాదన తేలదు. మన చేతికి వచ్చేది చివరి సంఖ్య మాత్రమే. దాన్ని రాబట్టడానికి ఆ ఫైలును ఏమని అడిగారో ఎవరూ చెప్పరు. నా వాదన ఇది: బహిరంగ సమాచారం నుంచి తీసిన సంఖ్యను ప్రజల ముందు పెట్టేవారు, అది అధికారులైనా, పరిశోధకులైనా, మాలాంటి విలేకరులైనా, ఆ సంఖ్యను రాబట్టిన ప్రశ్ననూ దానితో పాటే ప్రచురించాలి. ఒకప్పుడు ఇది కష్టమైన పని. మామూలు ఫైలునే ఎస్‌క్యూఎల్ భాషలో నేరుగా ప్రశ్నించగల ఉచిత పనిముట్లు ఇప్పుడు ఉన్నాయి. కాబట్టి కష్టమన్న సాకు చెల్లదు.

ఫైలుకూ ప్రశ్నకూ మధ్య దుబాసీ

ఇలాంటి రీడింగులు ఎక్కువగా సీఎస్‌వీ ఫైళ్లలో చేతులు మారుతుంటాయి. సీఎస్‌వీ అంటే కంప్యూటర్‌లో రాసిన చిట్టా పుస్తకం అనుకోవచ్చు. ఒక్కో వరుసలో ఒక్కో రీడింగు ఉంటుంది. తేదీ, సమయం, పీఎం 2.5, పీఎం 10 విలువల మధ్య కామాలు ఉంటాయి. పై వరుసలో శీర్షికలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్నా లేకున్నా చదువుకోవచ్చు. దాని బలం అదే. బలహీనత కూడా అక్కడే ఉంది. అందులో ఉన్నవన్నీ అక్షరాలే. ‘60’ అన్నది కొలతా, ఇంటి నంబరా అన్న సంగతి ఫైలు చెప్పదు.

ఇక ప్రశ్నించే భాష. సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, వాటి మధ్య సంబంధాలను గణితపరంగా చూడాలని 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించారు. 1974లో అదే సంస్థకు చెందిన డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ ఆ పట్టికలను ప్రశ్నించే భాషను వివరిస్తూ పత్రం వెలువరించారు. నేటి ఎస్‌క్యూఎల్‌కు మూలం అదే. 1987 నాటికి అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆ పత్రంలో ఒక విషయం గమనించదగ్గది. కంప్యూటర్ నిపుణులు కాకపోయినా ఈ భాష నేర్చుకోవడానికి ముందుకొచ్చేవారిలో అకౌంటెంట్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులతో పాటు నగర ప్రణాళికలు వేసేవారినీ ఆ ఇద్దరూ ఉదహరించారు. అంటే ఊరి లెక్కలు చూసేవారు వాడాలన్నది ఆ భాష పుట్టినప్పటి ఆలోచనే.

అయితే ఎస్‌క్యూఎల్ వాడాలంటే చాలాకాలం ముందుగా డేటాబేస్ సర్వర్ పెట్టుకుని, పట్టికలు తయారుచేసి, సమాచారాన్ని అందులోకి ఎక్కించాల్సి వచ్చేది. ఒక్క ప్రశ్న అడగడానికి అంత తతంగం ఎవరు చేస్తారు? ఈ ఇబ్బందిని తీర్చింది అడాప్టర్. అది దుబాసీ లాంటిది. మనం ఎస్‌క్యూఎల్‌లో అడుగుతాం. అవతల ఉన్నది పెద్ద డేటాబేస్ అయినా, మామూలు ఫైలు అయినా దాని పద్ధతిలో చదివి జవాబును పట్టికగా తెచ్చిస్తుంది. పెర్ల్ భాష వాడేవారికి టిమ్ బన్స్ 1994లో మొదలుపెట్టిన డీబీఐ ఇలాంటి ఏర్పాటే. దానికి తోడుగా వచ్చిన సీఎస్‌వీ అడాప్టర్ ఒక ఫోల్డర్‌ను డేటాబేస్‌గా, అందులోని ప్రతి ఫైలును పట్టికగా చూపించింది. 2011 నుంచి పోస్ట్‌గ్రెస్ బయటి ఫైలును తన సొంత పట్టికలా చదవగలుగుతోంది. ఎస్‌క్యూలైట్‌కు అలాంటి అనుబంధమే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పుట్టి 2019లో విడుదలైన డక్‌డీబీలో ఫైలు పేరు రాసి ప్రశ్న అడిగితే చాలు. సర్వర్ అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

‘గాలి ఎలా ఉంది’ అన్నది ఒక్క ప్రశ్న కాదు

ఇంతకీ ఫైలును ఏమని అడగాలి? మన దేశంలో 2009 నుంచి అమల్లో ఉన్న గాలి నాణ్యత ప్రమాణాల ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు మించకూడదు. 24 గంటల సగటు 60 మించకూడదు. ఈ రెండో పరిమితిని ఏడాదిలో 98 శాతం సమయం పాటించాలి. మిగతా 2 శాతంలో దాటినా, వరుసగా రెండు రోజులు దాటకూడదు. ఏడాదంతా రోజూ కొలిస్తే 2 శాతం అంటే 7 రోజులు.

కాబట్టి కనీసం మూడు ప్రశ్నలున్నాయి. ఏడాది సగటు ఎంత? 60 దాటిన రోజులెన్ని? వరుసగా రెండు రోజులు దాటిన సందర్భాలున్నాయా? ఒకే ఫైలు మొదటి ప్రశ్నకు ‘ఫరవాలేదు’ అని, మూడో ప్రశ్నకు ‘ప్రమాణం తప్పింది’ అని జవాబివ్వగలదు. వానాకాలపు తేట గాలి ఏడాది సగటును కిందికి లాగుతుంది. చలికాలపు చెడ్డ రోజులు ఆ సగటులో కలిసిపోతాయి. ఆస్తమా ఉన్న పిల్లవాడికి ఏడాది సగటుతో పనిలేదు. వాడి ఊపిరితిత్తులకు ఆ చెడ్డ రోజులే లెక్క. మూడు కేంద్రాలను కలిపి ఊరంతటికీ ఒక్క సగటు చెప్పడం కూడా ఇలాంటిదే. పారిశ్రామిక ప్రాంతమైన హథ్‌ఖోజ్, టౌన్‌షిప్‌లోని 32 బంగ్లాస్ ఒక్కటి కావు.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. అందులోని నగరాల జాబితాలో భిలాయ్ ఉంది. 2017-18తో పోలిస్తే 2025-26 నాటికి పీఎం 10ను 40 శాతం వరకు తగ్గించాలన్నది సవరించిన లక్ష్యం. ఇలా పోల్చేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. వారానికి రెండుసార్లు కొలిచే పాత పద్ధతిలో ఏడాదికి 104 కొలతలుంటాయి. 15 నిమిషాలకోసారి రాసే యంత్రం నుంచి రోజుకు 96, ఏడాదికి 35,040 రీడింగులు వస్తాయి. ఈ రెండు రకాల కొలతలను పోల్చి ‘ఇంత శాతం తగ్గింది’ అన్నప్పుడు, ఎలా పోల్చారో తెలియకపోతే ఆ శాతాన్ని నమ్మడానికీ ఆధారం లేదు, కొట్టిపారేయడానికీ లేదు.

ఎస్‌క్యూఎల్ మేలు ఇక్కడే తెలుస్తుంది. రోజువారీ సగటు కావాలంటే ప్రశ్నలో ఐదు ముక్కలుంటాయి. ‘సెలెక్ట్’ దగ్గర కేంద్రం, తేదీ, పీఎం 2.5 సగటు. ‘ఫ్రమ్’ దగ్గర ఫైలు పేరు. ‘వేర్’ దగ్గర రీడింగు లేని వరుసలు వద్దన్న షరతు. ‘గ్రూప్ బై’ దగ్గర కేంద్రం, తేదీ. ‘హ్యావింగ్’ దగ్గర రోజుకు కనీసం 64 రీడింగులు ఉండాలన్న షరతు. ఈ 64 ఎక్కడి నుంచి వచ్చింది? గాలి నాణ్యత సూచీ లెక్కకు 24 గంటల సగటు తీయాలంటే కనీసం 16 గంటల కొలతలుండాలన్నది మండలి నియమం. గంటకు నాలుగు చొప్పున 16 గంటలకు 64. ఐదు లైన్లు చదివితే లెక్క కట్టినవారు ఏ నియమం పాటించారో, ఏది వదిలేశారో తెలిసిపోతుంది.

మాయమయ్యే చెడ్డ రోజులు

దుబాసీ ఉన్నాడు కదా అని నిశ్చింతగా ఉండలేం. ఫైలులో లేని విషయాన్ని అడాప్టర్ తనకు తానే ఊహించుకోవలసి వస్తుంది. ఆ ఊహ తప్పితే జవాబు తప్పుతుంది. అన్నిసార్లూ హెచ్చరిక రాదు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే, ఏ కేంద్రానివీ కావు. ఐదు రోజుల పీఎం 2.5 సగటులు 48, 75, 88, 112, 145. వీటిలో 60 దాటినవి ఎన్ని? నాలుగు. కానీ సీఎస్‌వీని పట్టికలా చూపించే ఎస్‌క్యూలైట్ అనుబంధం, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, ప్రతి కాలమ్‌నూ అక్షరాలుగానే తీసుకుంటుంది. అప్పుడు పోలిక నిఘంటువులో మాటలు పేర్చినట్టు ఎడమవైపు మొదటి గుర్తు నుంచి మొదలవుతుంది. ‘112’లో మొదటిది 1, ‘60’లో మొదటిది 6. కనుక 112 చిన్నదిగా తేలుతుంది. 145 గతీ అంతే. జవాబు రెండు రోజులే అని వస్తుంది. పోయిన రెండూ అన్నిటికన్నా చెడ్డ రోజులు. ప్రోగ్రాం ఆగదు. తెర మీద ఎర్ర అక్షరం ఒక్కటీ కనబడదు.

రెండో ప్రమాదం ఖాళీలతో. కరెంటు పోయో, మరమ్మతు వల్లో ఆరు గంటల పాటు యంత్రం రీడింగు ఇవ్వలేదనుకుందాం. ఫైలులో ఆ 24 చోట్ల ‘ఎన్‌ఏ’ అని ఉంది. మిగతా 72 రీడింగుల సగటు 80. ఇది 18 గంటల కొలత కాబట్టి ఆ రోజును లెక్కలోకి తీసుకోవచ్చు. సగటు 80, అంటే ప్రమాణం దాటింది. కానీ అంకెలా కనిపించని అక్షరాలను సగటు కట్టేటప్పుడు ఎస్‌క్యూలైట్ సున్నాగా చూస్తుంది. 72 రీడింగుల మొత్తాన్ని 96తో భాగిస్తే వచ్చేది సరిగ్గా 60. ప్రమాణం దాటిన రోజు కాస్తా ప్రమాణంలో ఇమిడిన రోజు అయిపోతుంది. యంత్రం ఎంత ఎక్కువసేపు ఆగితే గాలి అంత శుభ్రంగా కనిపిస్తుందన్నమాట.

పనిముట్లన్నీ ఒకేలా ప్రవర్తించవు. పోస్ట్‌గ్రెస్‌లో ఏ కాలమ్ సంఖ్యో, ఏది తేదీయో ముందే ప్రకటించాలి. దానికి సరిపడని విలువ ఎదురైతే అది ఆగిపోయి తప్పు చూపిస్తుంది. డక్‌డీబీ కొన్ని వరుసలు చూసి కాలమ్ రకాన్ని అంచనా వేస్తుంది. అంటే ఒకే ఫైలు, ఒకే ప్రశ్న, రెండు పనిముట్లు, రెండు జవాబులు సాధ్యమే. అందుకే ప్రశ్నతో పాటు పనిముట్టు పేరు, దాని వెర్షన్ కూడా రాయాలి. ఎంఎస్సీ ప్రాక్టికల్స్‌లో ఏ పరికరంతో కొలిచామో, దాని లీస్ట్ కౌంట్ ఎంతో రాయనిదే రికార్డు మీద సంతకం పడదు. సమాచార విశ్లేషణకూ అదే నియమం ఉండాలి.

ఎక్సెల్ చాలదా?

వంద వరుసలకు చాలు. ఇబ్బంది పెద్ద ఫైళ్లతో వస్తుంది. 2020 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కొవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి. ప్రయోగశాలల నుంచి సీఎస్‌వీగా వచ్చిన ఫలితాలను పాత ఎక్సెల్ రూపంలోకి ఎక్కించారు. అందులో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. మిగిలినవి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. ఆ రోగులతో కలిసి తిరిగినవారిని వెతకడం ఆలస్యమైంది. కొత్త ఎక్సెల్‌లో పరిమితి 10,48,576 వరుసలు. భిలాయ్ మూడు కేంద్రాల రీడింగులు పదేళ్లపాటు ఒకచోట పేరిస్తే 10,51,200 వరుసలవుతాయి. ఆ పరిమితీ దాటిపోతుంది.

పరిమితి కన్నా పెద్ద సమస్య ఇంకొకటి ఉంది. ఎక్సెల్‌లో మౌస్‌తో వరుసలు ఎంచుకుని, కొన్ని తుడిచి, కొన్ని సరిదిద్దితే ఏం చేశామన్నది చూసేవారికి కనిపించదు. అసలు ఫైలే మారిపోతుంది. ఎస్‌క్యూఎల్‌తో ప్రశ్నిస్తే ఫైలు ఎక్కడిదక్కడే ఉంటుంది. చేసిన పనంతా ప్రశ్నలో రాతపూర్వకంగా మిగులుతుంది. రేపు మరొకరు అదే ఫైలు దించుకుని అదే ప్రశ్న వేసి చూడొచ్చు. విజ్ఞానశాస్త్రంలో ఒక ఫలితాన్ని నమ్మడానికి మనం అడిగేది ఇదే.

పేరు ఒకటే, నేల వేరు

గాలి లెక్కను ఆరోగ్య లెక్కతో కలిపి చూడాలనుకుంటే ప్రశ్న ఇంకా జాగ్రత్తగా రాయాలి. సుపేలా ఉన్న దుర్గ్ జిల్లానే తీసుకోండి. 2011 జనగణనలో ఆ జిల్లా జనాభా 33 లక్షలకు పైగా. 2012 జనవరిలో అందులోంచి బాలోద్, బెమెతరా జిల్లాలు విడిపోయాయి. దుర్గ్‌లో మిగిలింది దాదాపు సగం జనం. ఫైళ్లలో మాత్రం ముందూ తర్వాతా పేరు ‘దుర్గ్’ అనే ఉంటుంది. 2013లోని శ్వాసకోశ వ్యాధుల కేసులను 2011 జనాభాతో భాగిస్తే లక్షకు ఇన్ని అన్న రేటు అసలులో సగమే కనిపిస్తుంది. రెండు పట్టికలను జిల్లా పేరుతో కలపమంటే ఎస్‌క్యూఎల్ అభ్యంతరం చెప్పదు. పేర్లు కలిశాయి కాబట్టి కలిపేస్తుంది.

ఈ చిక్కు దుర్గ్‌కే పరిమితం కాదు. ఛత్తీస్‌గఢ్ 2000లో 16 జిల్లాలతో మొదలై 2022 నాటికి 33కు చేరింది. తెలంగాణ 10 జిల్లాల నుంచి 2016లో 31కి, 2019లో 33కు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో మండలాల వారీగా రోజువారీ వాన, ఉష్ణోగ్రత వివరాలు నెలకొక ఫైలుగా దొరుకుతాయి. అరవై నెలల ఫైళ్లున్నా డక్‌డీబీ లాంటి పనిముట్టు వాటిని ఒకే పట్టికలా చదువుతుంది. సౌకర్యం గొప్పదే. కానీ పేరు మారినా, ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక్క అక్షరం మారినా ఒకే చోటు రెండుగా లెక్కకొస్తుంది. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ, గ్రామానికీ సంకేత సంఖ్య ఉంది. పేరు పక్కన ఆ సంఖ్య కూడా వేస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

అభ్యంతరాలు

‘సామాన్యులకు ఎస్‌క్యూఎల్ ఏం అర్థమవుతుంది?’ అని అడిగేవారుంటారు. అందరికీ అర్థం కానక్కర్లేదు. సంతలో కూరగాయలు కొనేవారంతా కాటాను పరీక్షించరు. కానీ ముల్లు తమకు కనబడేలా ఉండాలంటారు. వెయ్యిమంది పాఠకుల్లో ఒక్కరు ప్రశ్నను తిరగవేసి తప్పు పట్టగలిగితే మిగతావారికీ మేలే.

‘ఇప్పుడు ఏఐని అడిగితే ప్రశ్న అదే రాసిస్తుంది కదా’ అన్నది రెండో మాట. రాస్తుంది. కానీ పైన చెప్పిన ‘ఎన్‌ఏ’ సంగతి, దుర్గ్ విడిపోయిన సంగతి దానికి గుర్తొచ్చాయో లేదో చూడాలంటే అది రాసిన ప్రశ్న కళ్ల ముందుండాలి. ప్రచురించాల్సిన అవసరం దీనితో పెరుగుతుందే తప్ప తగ్గదు.

మూడోది వ్యక్తిగత గోప్యత. ఆసుపత్రి రికార్డుల వంటి ఫైళ్లను బయట పెట్టకూడదు. అందులో రెండో మాట లేదు. ఫైలు బయట పెట్టలేని చోట కూడా వేసిన ప్రశ్నను పెట్టవచ్చు. ఎవరిని లెక్కించారు, ఎవరిని వదిలేశారన్నది దాంతో తెలుస్తుంది.

ఒక పరిమితిని మాత్రం ఒప్పుకోవాలి. యంత్రం సరిగ్గా కొలిచిందా, దాన్ని సకాలంలో ప్రమాణీకరించారా అన్నది ఏ ఎస్‌క్యూఎల్ ప్రశ్నా చెప్పలేదు. తప్పుడు రీడింగు మీద ఒప్పు ప్రశ్న వేసినా వచ్చేది తప్పుడు జవాబే. అది వేరే పోరాటం. అయితే ఒక కేంద్రం రోజుల తరబడి ఒకే విలువ చూపిస్తోందని, ఫలానా నెలలో సగం రీడింగులు లేవని బయటపెట్టడానికి కూడా ఇలాంటి ప్రశ్నలే పనికొస్తాయి.

ఏం చేయాలి?

2012 నాటి జాతీయ సమాచార పంపిణీ విధానం, అదే ఏడాది వచ్చిన ప్రభుత్వ ఓపెన్ డేటా వేదిక ఫైళ్లు అందుబాటులోకి రావడానికి దారి వేశాయి. తర్వాతి అడుగు ఇద్దరు వేయాలి.

ఫైలు ఇచ్చేవారు దానితో పాటు ఒక పేజీ వివరణ ఇవ్వాలి. ఏ కాలమ్‌లో ఏముంది, యూనిట్ ఏమిటి, రీడింగు లేనప్పుడు ఏమని రాస్తారు, తేదీ ఏ వరుసలో ఉంటుంది అన్నవి అందులో ఉండాలి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే అక్షరాలుగా పేర్చినా క్రమం చెడదు. శీర్షికలు ఏడాదికోసారి మార్చకూడదు. పీడీఎఫ్‌లో స్కాన్ చేసిన పట్టికలను బహిరంగ సమాచారం అనడం మానాలి.

సంఖ్య చెప్పేవారు నాలుగు విషయాలు జతచేయాలి. ఏ ఫైలు, ఏ తేదీన దించుకున్నది, ఏ పనిముట్టు, ఏ ప్రశ్న. దించుకున్న తేదీ ఎందుకంటే పోర్టల్‌లోని ఫైళ్లను తర్వాత సవరిస్తుంటారు. పత్రికలో చోటు లేకపోతే ఆన్‌లైన్ ప్రతిలో పెట్టవచ్చు. ఇది మా విలేకరుల నుంచే మొదలవ్వాలి. ‘కాలుష్యం తగ్గింది’, ‘కాలుష్యం పెరిగింది’ అన్న శీర్షికలు పెట్టేది మేమే కాబట్టి.

భిలాయ్ కాలేజీల్లో భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం చదివే విద్యార్థులకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు పని దొరకదు. ఫైళ్లు తమ ఊరివే. ప్రమాణం దేశానిది. కంప్యూటర్ మామూలుదే చాలు. ముందుగా ‘60 దాటిన రోజులెన్ని’ అన్న ప్రశ్నను రెండు వేర్వేరు పనిముట్లలో వేసి, జవాబులు కలిశాయో లేదో చూడమనండి. కలవకపోతే ఎందుకు కలవలేదో వెతకమనండి. ఆ తర్వాత ‘గాలి ఇంత శాతం మెరుగైంది’ అన్న ప్రకటన ఎవరి నుంచి వచ్చినా, దాని ప్రశ్న ఏదని అడగడం వాళ్లకు అలవాటవుతుంది.